వల బయట

పొద్దున ఎనిమిదికి తలుపు తీస్తే
మంచు నాకన్నా ముందు గడప దాటుతుంది.
దాని వెనకే హెల్మర్.
టోపీ తీయకుండానే చీటీ బల్ల మీద పెడతాడు.

ఆరేళ్లుగా అతని రక్తం గడ్డకట్టకుండా చూస్తున్న మాత్ర.
మీట నొక్కాను.
తెర మీద ఎర్రక్షరాలు:
ఈ ఫార్మసీ నెట్‌వర్క్‌లో లేదు.

మొన్నటిదాకా పది డాలర్లు.
ఇవాళ నా దగ్గర కొంటే నాలుగు వందల పన్నెండు.
అదే సీసా, అదే అర.
మారింది గోడ మీది క్యాలెండరు.

ఉత్తరం అక్టోబరులోనే వచ్చింది, పద్దెనిమిది పేజీలు.
అసలు సంగతి పదిహేనో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో:
నాలుగు వందలకు తెచ్చింది
మూడు వందల తొంభైకి ఇవ్వాలి,
ఆర్నెల్లయ్యాక లెక్క తిరగేసి
అందులోంచీ కొంత వెనక్కి లాక్కుంటారు.
సంతకం పెడితే ఏడాదికి మునుగుతాను,
పెట్టకపోతే నెలకు.
పెట్టలేదు.

అబద్ధమెందుకు,
బడి టీచర్ల జీతంలో బీమా కోత
ఈ ఏడు ముప్పై డాలర్లు తగ్గిందట.
మూడో తరగతి సోల్వే చెప్పింది.
చెప్పి, నా మొహం చూసి,
అక్కర్లేని దగ్గుబిళ్లలు రెండు పొట్లాలు కొంది.
లక్షల మందిని ఒక్క మూటగట్టి బేరమాడితే
మందుల కంపెనీ అయినా దిగిరావాల్సిందే.
ఆ లెక్క నాకూ తెలుసు.
ఆ మూటలో ఎక్కడో అడుగున హెల్మర్.

జాబితాలో ఉన్న దుకాణం మైనాట్‌లో, అరవై ఏడు మైళ్లు.
లేదంటే పోస్టులో, మూడు నెలలకోసారి.
పోయిన జనవరిలో డాగ్నీ ఇన్సులిన్
పోస్టు డబ్బాలోనే గడ్డకట్టింది.
పగిలిన సీసాను రుమాల్లో చుట్టి తెచ్చింది,
చచ్చిన పిట్టను చూపించినట్టు చూపించింది.

"మన మధ్య ఎవరు దూరారు, ఆర్డిస్?"
ఫోన్ కలిపాను. నలభై నిమిషాలు పియానో.
తర్వాత ఓ పిల్ల, ఎండ కాసే ఊరు కాబోలు, చక్కటి గొంతు:
"ఆయనకు దగ్గర్లోని ఫార్మసీ చూసి చెప్పనా?"
ఆయన మోచెయ్యి నా బల్ల మీదే ఉందమ్మా, అన్నాను.
చూస్తున్నాను, ఉండండి, అంది.

మా నాన్న సరస్సు మీద మంచుకు చిల్లు పొడిచి
కింద వల పరిచేవాడు.
పడితే చావు, తప్పితే బతుకు
అనుకునేదాన్ని చిన్నప్పుడు.

ఎనిమిది మాత్రలు లెక్కపెట్టి పొట్లం కట్టాను.
నాలుగు రోజులకు. అప్పటికి రోడ్డు తెరుస్తారట.
బిల్లు నా పేర రాసుకున్నాను.

అప్పుడు తీశాడు టోపీ.