కొమ్ముల సందులోంచి

ముందుగా చెప్పాల్సింది కొమ్ముల గురించి.
నా ముందు వరసలో నిలబడ్డ మనిషికి
అట్టతో చేసి ఇత్తడి రంగు పూసిన రెండు కొమ్ములు,
మూరెడేసి.
వేదికలో నాకు దక్కిన వాటా
వాటి మధ్య ఖాళీయే:
ఒక సెల్లో, సగం హార్ప్,
కండక్టర్ మోచేయి.

తాంపెరేలో జూలై. రాత్రి తొమ్మిదయినా
పై కిటికీల్లో మజ్జిగతేట లాంటి వెలుతురు.
నల్లగుడ్డలు కట్టారు గానీ సందులు మిగిలాయి.
రెండువేల మందిమి, చేతుల్లో వెలుగు కర్రలు పట్టుకుని
చీకటి కోసం చూస్తున్నాం,
ఈ నెలలో అది ఈ ఊరి మొహం చూడదని తెలిసి కూడా.

మెడలో అట్టముక్క మీద నా పేరు: టెల్లెర్వో.
వయసు రాయమనలేదు, నయం.
వారమంతా ఊళ్ళోవాళ్ళకి పింగాణీ పళ్ళు చెక్కుతాను.
ఇవాళ మాత్రం భుజాలకి గుడ్లగూబ రెక్కలు.
ఒకటి ట్రాములోనే చిరిగింది.
క్యూలో ముక్కూమొహం ఎరగని పిల్లెవరో
తన జడపిన్నులు పీకి అతికించింది.
పేరడిగితే
"ఇవాళ్టికి వానదేవతని" అంది.

ఆట పేరు చెప్పను.
తెలిసినవాళ్ళకి ఆ కొమ్ములే చాలు,
మూడో వంతెన కాపలావాడివి.
నా పదకొండో ఏట, చలికాలం పొడుగునా
రోజుకి నలభైసార్లు వాడి చేతిలో చచ్చాను.
వాడు కదిలినప్పుడల్లా మోగే ఎనిమిది స్వరాలు
ఇప్పటికీ పళ్ళు తోముకుంటుంటే నోట్లోకి వచ్చేస్తాయి.
ఇంకో వారముంటే దాటేదాన్నేమో.
మా అన్న ఇల్మో ఆటని పట్టుకెళ్ళి
పక్కవీధి కుర్రాడికిచ్చి
మంచు స్కేట్లు తెచ్చుకున్నాడు.
అవీ వాడి కాలికి పట్టలేదు.

కాబట్టి, ఆ ఎనిమిది స్వరాలు
ప్లాస్టిక్ పెట్టెలోని కీచుమోతగా కాకుండా
నిజం మనుషుల ఊపిరితో, నిజం గుర్రపు వెంట్రుకలతో
లేచి నిలబడినప్పుడు
హాలంతా గుటక మింగింది.
ఎడమపక్క కొండంత గడ్డపాయన
కర్ర ఊపడం మరిచి, చేత్తో ముక్కు తుడుచుకున్నాడు.
అతనికి ఏ గది గుర్తొచ్చిందో,
ఏ కార్పెట్టు, పక్కన కూర్చున్నది ఎవరో.

ఎనిమిదో స్వరం అయింది.
నాకు తెలిసిన సంగీతం అక్కడికి సరి.
ముప్ఫై ఆరేళ్ళుగా అక్కడికే సరి.

వాళ్ళు ఆపలేదు.
వయోలాలు ఒక మెట్టు దిగాయి.
మూసిన తలుపుని భుజంతో నెట్టినట్టు
బసూన్.
తొమ్మిదోది.

చుట్టూ అందరూ ఇంటికి తిరిగి వస్తున్నారు.
నేనొక్కదాన్నే బయల్దేరుతున్నాను.

అవతల ఏముంటుందని ఎవర్నీ అడగలేదు ఇన్నేళ్ళూ.
అడిగితే చెప్పేసేవారు.
సంగీతాన్ని బట్టి చూస్తే నీళ్ళున్నాయి,
లోతు తక్కువ. ఎవరో బట్టలు ఆరేశారు.
యుద్ధం జాడ ఎక్కడా లేదు.
ఇంతేనా అనిపించింది,
ఇంత ఉందా అని కూడా.

సరిగ్గా అప్పుడే కొమ్ములవాడు వెనక్కి తిరిగి
"అయ్యో, ఇంతసేపూ అడ్డంగా ఉన్నానా?" అని
పక్కకి ఒక అడుగు జరిగాడు.

ఎంత కత్తి తిప్పినా
జరగనివాడు.

పదకొండింటికి బయటికొస్తే ఇంకా పగలే.
వెలుగు కర్రలు ఉడికిన కూరముక్కల్లా వెలిసిపోయి ఉన్నాయి.
ట్రాములో ఒకతను రెండో హార్న్ శ్రుతి తప్పిందన్నాడు.
ఒకావిడ, బనీను గుడ్డకి నలభై యూరోలా అంది.
స్తంభం పక్కన నిలబడ్డవాళ్ళకి
అసలు తీగలే వినబడలేదట, డప్పు ఒక్కటేనట.
ఇదంతా ఒకే కచేరీ గురించేనా అనుకున్నాను.

అన్నకి మెసేజి పెట్టాను: వంతెన దాటాను.
ఔలు నుంచి జవాబు వచ్చింది:
ట్రాఫిక్ బాగా ఉందా?

ఇంటికొచ్చి రెక్కలు విప్పాను.
జడపిన్నులు ఏడు.
ఒకదానికి ఇంకా
నీలంరంగు విగ్గు వెంట్రుక.