సరుకు: మంచు

పుంతా అరెనాస్ రేవులో మాది చలిగిడ్డంగి.
ఎర్ర పీతల పెట్టెలు, గొర్రె మాంసం,
ఎప్పుడైనా ఓడలో పోయినవాడి శవం,
అన్నిటికీ ఒకటే రసీదు పుస్తకం.

ఆ మార్చిలో దక్షిణం నుంచి ఇరవై ఆరు పెట్టెలొచ్చాయి.
సరుకు: మంచు.
విలువ అన్నచోట ఖాళీ.
కస్టమ్స్ ఓయార్సో పడీపడీ నవ్వాడు,
"మన దగ్గర లేదనా, మంచు కూడా దింపుతున్నారు!"

పెట్టెలతో వచ్చిన పిల్ల పేరు రోస్‌విత.
జర్మనీకి తీసుకుపోయి కరిగిస్తుందట, వడగడుతుందట.
అర టన్ను మంచుకి
పట్టుమని పది పరమాణువుల ఇనుము దొరికితే పండగట.
మన ఇనుము కాదంది.
మేకులది కాదు, లంగరు గొలుసుది కాదు, నీ నెత్తురుది కాదు,
ఎక్కడో ఒక నక్షత్రం పగిలినప్పుడు ఎగిరిన నుసి.
ఇరవై ఆరు లక్షల ఏళ్ళకి సగం అయిపోయే రకం.
భూమితో పుట్టిందైతే ఈపాటికి మిగలదు,
దొరికిందంటే ఈ మధ్య వచ్చిందే.
"ఈ మధ్య" అని ఆమె అన్న తీరు
మా అత్త "మొన్న" అన్నట్టుంది,
మామ పోయి ముప్ఫయ్యేళ్ళు.

"దూరంగా పేలింది కాబట్టి నుసి."
"దగ్గరైతే?" అన్నాను
లేబుల్ అంటిస్తూ, ఊరికే, మాట కోసం.

చప్పుడుండదు.
పట్టపగలు రెండో దీపం,
సూదిమొనంత, అయినా నీడ పడేటంత.
జనం వీధుల్లోకొచ్చి పిల్లల్ని భుజాలమీద ఎత్తి చూపిస్తారు.
దాంతోపాటు వచ్చేది కంటికి ఆనదు.
నిప్పు లేందే పొగ రాదంటారు గానీ
ఆకాశం పల్చగా గోధుమరంగుకి తిరుగుతుంది,
ఎక్కడా నిప్పుండదు.
ఓజోన్ చిరుగుతుంది, ఏళ్ళతరబడి కుట్టు పడదు.
ముందు పోయేది మనం కాదు,
సముద్రం పైపొరలో పచ్చటి నలుసులు.
తర్వాత వాటిని తినే చిట్టి రొయ్యలు,
తర్వాత వాటిని తినే...
వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ పోయింది.
పిడికిలి అయింది.
వానలో నత్రజని దిగి
గడ్డి మాత్రం కొన్నాళ్ళు ఏపుగా పెరగొచ్చట.
మేయడానికి ఎవరుంటారో చెప్పలేదు.

నాకు నవ్వొచ్చింది, తప్పే.
ఆకాశానికి చిల్లు పడ్డ ఊళ్ళో పెరిగినదాన్ని.
అక్టోబరులో బడి గోడమీద రంగుల దీపం,
ఊదా వెలిగితే ఆటల పీరియడ్ లేదు.
ముక్కులకి తెల్లటి లేపనం పూసుకుని
గాలికి టోపీలు పట్టుకుని వరసగా ఇంటికి,
జీతం రాని సర్కస్ జోకర్లం.
నాన్న గొర్రెలకి కళ్ళు మూసుకుపోతే
ఊరంతా ఆకాశాన్ని తిట్టింది.
పశువైద్యుడు రెప్ప ఎత్తి చూసి
"అంటురోగం, పైదానికేం సంబంధం" అని చుక్కల మందిచ్చాడు.
సగం గొర్రెలకి చూపొచ్చింది.
నాన్న మాత్రం పోయేదాకా పైకి చూసి ఉమ్మేవాడు.
మొహానే పడుతుందని అమ్మ గోల.
మా ఊరి గాలికి అదీ పడేది కాదు,
పక్కింటి కంచెమీద పడేది.

అంత దగ్గరలో అలాంటి నక్షత్రం లేదంది రోస్‌విత,
నన్ను ఓదార్చాలని.
"ఇప్పటికి" అని చేర్చింది,
అబద్ధం చెప్పడం చేతకాక.

పన్నెండో పెట్టె మూల పగిలి ఉంది.
ఆమె సంతకాలకి వెళ్ళినప్పుడు
పిడికెడు రాలింది నేలమీద.
చీపురు తేవాలి. తేలేదు.
గ్లౌజు తీసి, ఏరి, నోట్లో వేసుకున్నాను.

పళ్ళు జివ్వుమన్నాయి.
ఉప్పు లేదు, తుప్పు రుచి లేదు.
లెక్క ప్రకారం ఆ పిడికెడులో
ఒక్క పరమాణువైనా ఉండకపోవచ్చు.

రసీదులో బరువు రాసి ఉంది, గ్రాములతో సహా.
ఎవరికీ చెప్పలేదు.
ఓడ రాత్రి తొమ్మిదికి కదిలింది.

ఇవాళ దీపం ఎరుపట, రేడియోలో చెప్పారు.
నయాదెత్ టోపీ మరిచిపోయి వెళ్ళింది,
బడిదాకా వెళ్ళి ఇచ్చి రావాలి.