ముందు పిల్ల ఆగాలి

పంటు దిగిన పెళ్ళివారి వెనకే
ముత్యం కూడా దిగింది.
నెత్తిన వాడిపోయిన కుచ్చు, మెడలో చెమ్కీ దండ,
తెల్లటి కాళ్ళకి వశిష్ఠ బురద.
మూడున్నరేళ్ళ మా కెజియా నా చెయ్యి విదిలించుకుని
"ఎక్కుతా" అంది.
అడగలేదు. చెప్పింది.

సైదావలి గారు గుర్రాన్ని ఆపి
పిల్లని కాదు, నన్ను చూశారు.
యాభై రూపాయలు మడిచి ఇస్తే
మడత విప్పకుండానే తిరిగిచ్చారు.
"ఎన్నేళ్ళమ్మా?"
చెప్పాను.
"పళ్ళు ఊడాయా?"
పాలపళ్ళకీ గుర్రానికీ ఏం సంబంధమండీ అని నవ్వాను.
ఆయన నవ్వలేదు.

"ఏళ్ళ లెక్క నాకు తెలీదమ్మా.
పళ్ళు కదిలే ఈడు వచ్చేసరికి
నడుం దానంతటది నిలబడుద్ది,
మోకాళ్ళు జీనుని కరుచుకుంటాయి.
ఈలోపు ఎక్కిస్తే మూటని ఎక్కించినట్టే.
మూట జారితే గుర్రం తప్పు కాదు."
కళ్ళెం సర్దుకుని, వెళ్ళబోతూ,
"ఇంకోటి కూడా ఉంది.
ఆగమంటే ఆగుద్దా మీ పిల్ల?
ముందు పిల్ల ఆగాలి. ఆ తర్వాతే గుర్రం."

అప్పటికి కెజియా
పంటు బల్ల మీంచి నీళ్ళ వైపు పరిగెడుతోంది.

ఆ రాత్రి లేసు అల్లుతుంటే
నా క్రోషా సూది తీసింది.
కంట్లో పొడుచుకుంటావే అని లాక్కున్నాను.
లాక్కున్నాక సూది నా చేతిలో
ఊరికే ఉండిపోయింది.
బెత్తెడు ఇనప్పుల్లకి ఇంత భయపడేదాన్ని
నాలుగొందల కిలోల ప్రాణం మీదికి బిడ్డనెక్కించడానికి
పొద్దున్నే నోటు మడిచాను.

ఆదివారం ఆరాధన అయ్యాక
కాలవగట్టు మీద ఆయన పాకకి వెళ్ళేవాళ్ళం.
ఎక్కడానికి కాదు.
మొదట వాసనకి ముక్కు మూసుకుంది.
తర్వాత దువ్వెన పట్టుకుంది, అందినంత మేరకి,
అంటే ముత్యం మోకాలి దాకా.
వెనకనించి వెళ్ళకూడదు,
వెళ్ళేముందు పేరు పెట్టి పిలవాలి,
చెవులు వెనక్కి వాలితే పక్కకి జరగాలి.
క్యారెట్టు అరచేతిలో పరిచి పెట్టాలి,
వేళ్ళతో పట్టుకుంటే
వేలికీ క్యారెట్టుకీ తేడా ముత్యానికి తెలీదు.
ఒక ఏడు గట్టు తెగి మూణ్ణెల్లు వెళ్ళలేదు.
పెళ్ళిళ్ళ రోజుల్లో పాక ఖాళీ.
ఖాళీ పాకలో కూడా కాసేపు నిలబడి వచ్చేది.

పాక పక్కన పంక్చర్లు వేసే మస్తాను ఆయన కొడుకే.
ఎడమ మోచెయ్యి సాగదు.
టైరుని మోకాళ్ళ మధ్య ఇరికించి
ఒంటిచేత్తో విప్పుతాడు.
"రెండేళ్ళప్పుడు ఫొటో కోసం ఎక్కించాను"
అన్నారొకసారి సైదావలి గారు, గడ్డి విదిలిస్తూ.
"ఎవరో టపాకాయ వెలిగించారు."
గడ్డి అంతా విదిలించేదాకా
ఆయన తలెత్తలేదు, నేనేమీ అడగలేదు.

ఆరు నిండాక ముందుపన్ను ఊడింది.
గుప్పిట్లో పట్టుకుని గట్టంతా పరిగెత్తి
ముత్యానికి పదడుగుల ఇవతల
ఆగింది. పేరు పెట్టి పిలిచింది.

ఆరు టేబుల్ గుడ్డల లేసు డబ్బులు
చిన్న హెల్మెట్టయ్యాయి.
మొదటిది తలమీద ఊగిందని
నరసాపురం మళ్ళీ పంపించారు.
చెప్పులు వద్దు, స్కూలు బూట్లన్నారు.
రికాబు పట్టీకి మస్తాను
పైకంటా కొత్త చిల్లులు పొడిచాడు.
పగ్గం ఆయన చేతిలోనే.
ఇటు నేను, అటు మస్తాను.
వంగిన కొబ్బరిచెట్టు నించి లాకుల దాకా
నడక, ఉత్త నడక.
"పరిగెత్తించు" అంది.
"పై ఏడు" అన్నారు.

దిగాక కాళ్ళు వణుకుతున్నాయి.
ఎలా ఉందే అంటే
"కింద ఊపిరి తీస్తోందమ్మా,
నేనూ దాంతోపాటే తీశాను" అంది.

చంకలో మా సిలాసు, రెండేళ్ళవాడు,
నేనూ ఎక్కుతానని గుక్కపట్టాడు.
కెజియా వాడి గుప్పిట ఒక్కో వేలూ విప్పింది.
"బొటనవేలు ముడవకు. ఇలా పరుచు."
ముత్యం మూతి వంచింది.
వాడు ఏడుపు ఆపలేదు,
చెయ్యి మాత్రం తియ్యలేదు.