అద్దం పట్టేవాడు

నా పని అద్దం పట్టడం.
టీవీకి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని
అద్దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుంటే
వెనక నుంచి ఎల్డన్ తొంగి చూస్తూ స్క్రూలు తిప్పుతాడు,
ఒక చెయ్యి జేబులోనే పెట్టుకుని.
అదీ బయట ఉంటే
ఇరవై వేల వోల్టులు గుండె మీదుగా దారి చూసుకుంటాయట.

ఒహాయోలో, మొక్కజొన్న గోదాముల పక్కన,
ఒకప్పుడు టైర్ల కొట్టయిన రేకుల షెడ్డులో
ఇరవై మూడు పెట్టెలు.
రంగులు ఇళ్లలోకి వచ్చిన తొలి రెండేళ్లవి,
ఒక్కోటి దూడంత బరువు.
వెలిగేవి నాలుగు.

మిగతావాటికి గాలి తగిలింది.
ఇక్కడ నేను నేర్చుకున్న మొదటి సంగతి:
మనం గాలి ఆడక పోతాం,
ఇవి గాలి దూరి పోతాయి.
గాజు మెడ లోపల వెండి మచ్చ ఒకటుంటుంది,
శూన్యం ఇంకా శూన్యంగానే ఉందనడానికి సాక్షి.
అది పాలలా తెల్లబడి కనిపిస్తే
ఎల్డన్ టోపీ తీస్తాడు.
ఏమీ అనడు.

మార్చిలో ఐడెల్లా ఫ్రోలిక్ ఫోన్ చేసింది.
ఎనభై రెండేళ్లు. కోళ్ల షెడ్డు కూలగొడుతున్నారట,
అందులో వాళ్ల నాన్న పెట్టె ఉందట.
"డబ్బేమీ వద్దు.
ఒక్కసారి వెలిగించి చూపించండి, చాలు."

ఈకలు, రెట్ట, వైర్లు కొరికి ఎలుకలు కట్టుకున్న గూడు.
మెడ మీద టార్చి వేశాం.
తెల్లగా ఉంది.
ఎల్డన్ టోపీ తీశాడు.

అతని మంచం కింద ఒక అట్టపెట్టె ఉంది.
అందులో ఎన్నడూ ఎవరూ వెలిగించని పిక్చర్ ట్యూబు
పంతొమ్మిదేళ్లుగా పడుకునే ఉంది.
వెలిగిన ప్రతి గంటా ఆయుష్షులోంచే ఖర్చని
నాకు వందసార్లు చెప్పిన మనిషి
ఆ రాత్రి దాన్ని బయటికి లాగాడు.
ఎందుకని అడగలేదు నేను,
అడిగితే మానేస్తాడేమోనని.

ఎండాకాలమంతా పని.
పాత కాగితపు తొడుగుల్లో కొత్త కండెన్సర్లు దూర్చాం,
విప్పి చూసినా తెలియకుండా.
ఎరుపు, ఆకుపచ్చ, నీలం
ఒకే వంటింట్లో పలకరించుకోని తోడికోడళ్లు.
ఒకర్ని జరిపితే ఇద్దరికి కోపం.
తెల్లగీత తెల్లగా రావడానికి
పదహారు సాయంత్రాలు అద్దం పట్టాను.

నవంబరులో ఆమె వచ్చింది,
ఊతకర్రతో, లిప్‌స్టిక్ వేసుకుని.
తెర మీద ఏదో పాత టేపులోని అమ్మాయి,
చెంపలు అచ్చంగా చెంపల రంగు.
ఎల్డన్ ఊపిరి బిగబట్టాడు.

"ఇది కాదు" అంది ఐడెల్లా.

లేచి, ఎవరినీ అడక్కుండా,
రంగు మీట పట్టుకుని ఎడమకి తిప్పింది.
కొంచెం.
ఇంకొంచెం.
అమ్మాయి మొహం పచ్చి టమాటాలా అయ్యేదాకా.

"ఆఁ, ఇదీ.
నాన్నకి ఈ మీట ఎప్పుడూ లొంగలేదు.
పొలం ముక్క అమ్మి కొన్నాడు కదా,
చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి నేల మీద కూర్చునేవాళ్లు.
మొహాలు పచ్చగా ఉన్నాయనడానికి
ఒక్కళ్లకీ నోరు రాలేదు."

నలభై ఏళ్లుగా మొహాలకి మొహాల రంగు తెప్పించడమే
పనిగా పెట్టుకున్నవాడు
ఆ ఆకుపచ్చ అమ్మాయి ముందు
రెండు చేతులూ వేలాడేసి నిలబడ్డాడు.

పదకొండు నిమిషాలు.
నోటు పుస్తకంలో అంతే రాసుకున్నాడు.
తర్వాత వంగి, మీట పక్కన, చెక్క మీద,
పెన్సిలుతో సన్నగా ఒక గీత గీశాడు.

నేనింకా అద్దం పట్టుకునే ఉన్నాను.
మణికట్లు లాగేస్తుంటే అప్పుడు చూశాను,
అది ఎప్పుడో పక్కకి తిరిగిపోయింది.
అందులో ఐడెల్లా,
చెంప మీద తెర పచ్చ.