మూడు మూలల మరమేకు

మిక్సీ కొన్నది పాతపట్నంలో.
పచ్చడి రుబ్బేది పర్లాకిమిడిలో.
ఏరు దాటితే రాష్ట్రం మారిపోద్దని
దానికి ఎవరు చెప్పారో,
వారంటీ ఇంకా నాలుగు నెలలుండగా
కొబ్బరి వేసి తిప్పితే
బొత్తం ఊరికే గిర్రున తిరిగింది.

ఫోన్లో అమ్మాయి: "మీది ఒడిశా పిన్‌కోడ్ అండీ,
బరంపురం తీసుకెళ్లండి."
బరంపురం వాడు బిల్లు తిరగేసి
"ఇది ఆంధ్రా సరుకు" అన్నాడు.
శ్రీకాకుళం కుర్రాడొక్కడే నిజం చెప్పాడు:
ఆ ముక్క విడిగా రాదమ్మా,
కొత్తది కొనుక్కోండి.

ఆ నాలుగు రోజులూ బండి మీద చట్నీ లేదు.
ఇడ్లీ తిన్నవాళ్లు కారప్పొడి వంక చూసి
మాట్లాడకుండా డబ్బులిచ్చి పోయారు.

కోట వెనక వీధిలో దండపాణి మహారాణా కొట్టు.
వాళ్ల నాన్న గేదె కొమ్ముని సెగకి వంచి
కొంగలు చేసేవాడు.
కొడుకు ఫ్యాన్లు విప్పుతాడు.
ఆకురాళ్లు మాత్రం అవే.

మిక్సీని బోర్లా పడుకోబెట్టాడు.
అడుగున నాలుగు మరమేకులు,
ఒక్కోదాని నెత్తిన మూడు మూలల గుంట.
ఊళ్లో ఏ స్క్రూడ్రైవరూ దూరదు.
"ఇది మిక్సీని బిగించడానికి కాదమ్మా,
మనల్ని బయట నిలబెట్టడానికి" అన్నాడు
సగం ఒడియాలో.
సైకిల్ పుల్ల ఒకటి తీసి
మూడు మూలలొచ్చేదాకా రాస్తూ కూర్చున్నాడు.

ఊసుపోక పేపరు చదివి వినిపించాను.
విడిభాగాలు అమ్మి తీరాలని చట్టం వస్తదట,
ఎలా విప్పాలో బొమ్మ గీసి ఇవ్వాలట,
మరమ్మతు చేయించుకోవడం మన హక్కట.
"ఏ రాష్ట్రానికి?" అన్నాడు తలెత్తకుండా.
మళ్లీ మొదట్నుంచీ చదివాను.
రాయలేదు.

లోపల గోరంత పలుకు విరిగింది. అంతే.
దానికోసం మోటారు, గిన్నెలు, మూడు బ్లేళ్లు
చెత్తబండి ఎక్కాలి.

కొమ్ము ముక్క తెచ్చి కోశాడు, తొలిచాడు,
కొబ్బరినూనె రాసి గుడ్డతో రుద్దాడు.
నల్లటి బొత్తం.
అంకెలు లేవు;
ఒక పక్క కొంగముక్కులా సన్నగా లాగాడు,
అది ఎటు చూస్తే అంత జోరు.

ఎనభై రూపాయలు.
"వారంటీ?" అన్నాను నవ్వి.
"గేదె ఎప్పుడో చచ్చింది,
ఇంక దానికేటవుద్ది?"

ఆ సైకిల్ పుల్ల ఇమ్మన్నాను. ఇవ్వలేదు.
గోడన మేకుకి తగిలించాడు.
అప్పటికే అక్కడ పదకొండు పుల్లలున్నాయి,
ఒక్కోదాని కింద సుద్దతో
ఒక్కో కంపెనీ పేరు.