పాట, బాట, మాట

పెదాల మీద ఈ మూడూ ఒకటే.
అద్దం ముందర నిలబడి అని చూసుకోండి:
పాట. బాట. మాట.
రెండు పెదాలు కలుస్తాయి, విడిపోతాయి,
మధ్యలో ఏం జరిగిందో గొంతుకే తెలుసు.
నాకు గొంతు కనపడదు.

డిక్టేషన్‌లో మునిరత్నం సారు వీటిలో ఏదో ఒకటి అన్నాడు.
నేను బాట అని రాసినాను.
ఎర్రగీత కొట్టి అరమార్కు తీసేసినాడు.
రాసింది తప్పే కావచ్చు,
చూసింది మాత్రం తప్పు కాదు సార్.

ఆయన మంచోడే.
మూడో బెంచీ నుంచి నన్ను ముందుకు జరిపింది ఆయనే.
కానీ బోర్డు మీద సంధులు విడదీస్తా విడదీస్తా
పాఠమంతా బోర్డుకే చెప్పేస్తాడు.
అప్పుడాయన మా నగరి ముక్కుకొండ మాదిరి
ముక్కు తెలుస్తుంది,
నోరు యాడుండాదో తెలీదు.
ఇటు తిరిగేసరికి "అర్థమయిందా?"
ఆ ఒక్క మాటా నాకు బాగా తెలుస్తుంది.
తలకాయ ఊపుతాను.
ఎనిమిదేండ్లుగా ఊపుతానే ఉండాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
మంచిది కాకపోయినా ఫరవాలేదు నాకు,
కనపడితే చాలు.

చెవిమిషను చిత్తూరు క్యాంపులో ఇచ్చినారు.
దానికి చెరగడం రాదు.
బియ్యమూ రాళ్ళూ ఊకా తవుడూ
ఒకే చాటలో తెచ్చి చెవిలో పోస్తుంది:
ఫ్యాను కిర్రు, బెంచీ ఈడ్పు, రేకుల మీద కాకి గోళ్ళు,
రోడ్డు మీద లారీ,
అన్నిటికీ అడుగున యాడనో సారు గొంతు.
అందరూ నవ్వినాక నేను నవ్వుతాను.
దేనికి నవ్వినామో సాయంత్రం రెడ్డిరాణి చెప్తుంది,
అప్పటికది నవ్వొచ్చే విషయం కాదు.
హాజరు పట్టీలో నా ముందు నంబరు దానిది.
అది లేచి కూర్చుంటే తర్వాత నేను.
అది రాని రోజు
నేను బడిలో ఉండీ రానట్టే.

మాయమ్మ మరమగ్గాల షెడ్డులో పని చేస్తుంది.
పన్నెండు మగ్గాలు. లోపలికి అడుగు పెడితే
నేల అదిరేది అరికాళ్ళతో వింటాను.
ఆడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు.
కండె అయిపోయిందంటే రెండు వేళ్ళు,
టీ అంటే బొటనవేలు,
ఓనరు వస్తా ఉండాడంటే మీసం.
మిగిలిందంతా తెలుగో తమిళమో
పెదాలు సాగదీసి చెప్పుకుంటారు.
నాకు చదవడం నేర్పిన బడి అదే.
"ఆ మూల గోవిందమ్మ ఏమంటా ఉండాదే?"
అమ్మ నన్నే అడుగుతుంది.
ఆ షెడ్డులో చెవుడు లేనిది నాకొక్కదానికే.

పోయిన బుధవారం మూడో పీరియడ్లో కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది.
గోడ అవతల మగ్గాలు ఒక్కొక్కటే ఆగినాయి.
పిల్లకాయలు అట్టలతో ఇసురుకుంటా గొణిగినారు.
అప్పుడు
చెరిగిన చాటలో గింజల మాదిరి
సారు గొంతు తెల్లగా వచ్చింది.
వాడు, ఎక్కడ. వాడెక్కడ.
రెండు మాటలు కలిసే చోట
ఒక అచ్చు ఎట్ల జారిపోతుందో
మొదటిసారి చెవులారా విన్నాను.
ఇరవై నిమిషాలు.
చెయ్యెత్తి ప్రశ్న కూడా అడిగినాను.
సారు బలపం కింద పెట్టి, నా వైపు తిరిగి జవాబు చెప్పినాడు.

ఆ రాత్రి అమ్మ కూలి డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టింది.
మీటరుకింత. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది.
కరెంటు రేపు కూడా పోవాలని
లోపల్లోపల మొక్కుకుంటా ఉండేదాన్ని,
ఆమె పక్కన కూర్చుని ఏమని చెప్పేది?

మిషను తీసి, బ్యాటరీ విప్పి డబ్బాలో పెట్టినాను.
పది రోజులు రావాలది.
లైటుకు వీపు పెట్టి అమ్మ ఏదో అనింది.
నీడలో పెదాలు కలిసినాయి, విడిపోయినాయి.
"ఇటు తిరగమ్మా" అన్నాను.

తిరిగింది.
పాట కాదు. బాట కాదు. మాట కూడా కాదు.
బువ్వ.