మగ్రిబ్‌కు ముందు పది నిమిషాలు

పద్దెనిమిది రియాళ్ళదీ గొట్టమే,
ఏడు వందల రియాళ్ళదీ గొట్టమే.
పట్టపగలు, సలాలా ఎండలో
రెండింట్లోంచీ అదే ఒంటె, అదే మూపురం.
మధ్యాహ్నం వచ్చిన గిరాకీకి
తేడా చూపించలేక నేనే నీళ్ళు నములుతాను.

మెట్‌పల్లి బస్టాండు పక్కన పదకొండేళ్ళు
గడియారాలు విప్పి బిగించినవాణ్ణి.
కంటికి భూతద్దం ఇరికించుకునే అలవాటు చూసి
అర్బాబు నన్నీ కౌంటరు వెనక నిలబెట్టాడు.
తుపాకి పేల్చడం నాకు రాదు.
మర మాట్లాడితే మాత్రం వింటాను.
మంచిదాని పిడి తిప్పితే
ఒక్కో టిక్కూ విడివిడిగా వేలికి తెలుస్తుంది.
చవకదానిది జొన్నలు నమిలిన చప్పుడు.
ఇరవై టిక్కులు పైకి, ఇరవై కుడికి,
ఇరవై కిందికి, ఇరవై ఎడమకి,
బయల్దేరిన చుక్క మీదికే వచ్చి ఆగాలి గీత.
చవకది ఎప్పుడూ పక్కింటి గుమ్మంలో తేలుతుంది.

కన్ను ఆనిస్తే గాని బొమ్మ చూపని రకాలున్నాయి.
మా డ్రైవరు షేర్‌జమాన్ కనుబొమ మీది అరచందమామ
అలాంటిది వెనక్కి తన్నిన గుర్తే.

అసలు లెక్క ఖరీఫ్‌లో తేలుతుంది.
మన ఖరీఫ్ కాదు, నారూ లేదు, నాటూ లేదు.
సముద్రం పొగై కొండలెక్కుతుంది, అంతే.
అప్పుడు చవక గొట్టాలు లోపలినుంచి చెమటోడుస్తాయి.
పైన తుడిచి ఏం లాభం?
పైన పటారం, లోన లొటారం అని
మా అమ్మమ్మ ఎవర్ని చూసి అనేదో గాని
ఈ అల్మారాకి సరిగ్గా సరిపోయింది.

ఆ తుంపర్లో ఒక సాయంత్రం
ముసల్లమ్ అనే ముసలాయన వచ్చాడు.
కొండమీది మనిషి, భుజాన తడిసిన శాలువా.
'ఏది మంచిది?' అనలేదు.
'ఏది నిజం చెబుతుంది?' అన్నాడు.

మూడూ తీసుకుని డాబా ఎక్కాం.
ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకు, దాని మీది అంకెలు.
వెలుగు దిగుతోంది.
పద్దెనిమిదిదాంట్లో ముందు అంకెలు పోయాయి,
తర్వాత ట్యాంకే పోయింది.
నూట నలభైదాంట్లో ట్యాంకుంది, బూడిద పూసుకుని.
మూడోది నేను చూశాను.
అంకెలే కాదు, వాటి కింద తుప్పు,
తుప్పు కింద తడి చొక్కా ఆరేస్తున్న నర్సింగం,
వాడి నోట్లో క్లిప్పు, గడ్డం మీద సబ్బు నురగ,
సరిగ్గా వాడి రొమ్ము మీద సన్నటి కూడలి గీత.
ఒట్టి గొట్టమే. కింద తుపాకి లేదు.
అయినా చెయ్యి దానంతటదే పక్కకి జరిగింది.

ముసలాయన అది చూశాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, నాలుగు ఖరీఫ్‌ల కింద, అన్నాడు,
ఇలాంటి పొగలోనే, ఇలాంటి చవక అద్దంలోనే
మేకల దగ్గర తోడేలు కనిపించింది.
వెళ్ళి చూస్తే నా ఒంటెపిల్ల.
గురి తప్పలేదు, అదే బాధ.

'కొట్టడానికి కళ్ళు చాలు.
కొట్టకుండా ఉండడానికే ఇంత ఖరీదు'
అని డబ్బులు తీశాడు.
రెండొందలు తక్కువయ్యాయి.
అర్బాబు ఖాతా పుస్తకంలో రాసుకున్నాడు,
రెండు నెలల గడువు, ఒక మేక హామీ.
నాకు కమిషన్ మూడు రియాళ్ళు.

తుడిచి, మూత పెట్టి, అప్పగించాను.
నర్సింగానికి ఈ సంగతి చెప్పలేదు.
ఏమని చెప్పను?

ఆ రాత్రి దుకాణం మూసేలోపు
పద్దెనిమిది రియాళ్ళవి మూడు పోయాయి.
పెట్టె మీద సింహం బొమ్మ ఉంటుంది మరి.